సగం మీసం

ధ్యాస ఎటో పోయి, సెలూన్ బంగారయ్య బాపిరాజుగారి మీసం సగం లేపేశాడు. తిట్టడం అయ్యాక రాజుగారే అతన్ని రాజోలు నుంచి కాకినాడ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. ఇలా ధ్యాస నిలవకపోవడాన్ని ఏడీహెచ్‌డీ అంటారని చెప్పి, డాక్టరు రోజుకో మాత్ర రాసి, వేళకి పడుకోమని, పొద్దున్నే కాలవగట్టు మీద నడవమని పంపేశాడు.

మీసం మళ్ళీ మొలిచింది. గడ్డానికి కూర్చున్న రాజుగారు పన్నెండేళ్ళుగా చెబుతున్న తుఫాను కథే మళ్ళీ ఎత్తుకున్నారు. ఎప్పుడూ "ఆయ్, ఆయ్" అనే బంగారయ్య ఈసారి కత్తి ఆపాడు.

"ఇందాక కొబ్బరిచెట్టెక్కి కూర్చున్నానన్నారు కదండీ? మరి ఏట్లో ఈది దూడని లాగిందెవరండీ?"

"రేపట్నుంచి ఆ మాత్ర మానెయ్యరా! మీసం పోతే పోయింది!"

"ఆయ్," అన్నాడు బంగారయ్య.

ఇన్నేళ్ళలో రాజుగారి మాట కావాలని వినకపోవడం ఇదే మొదటిసారి.