తుపాను ఫోను

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మాంసం కొట్టు నడిపే గియాసుద్దీన్ ముక్కు మూసుకుని, దొర యాసలో ఫోన్ చేశాడు. "హలో, వెదర్ ఆఫీస్. మీ దీవికి ఇంకో తుపాను వస్తోంది. అందరూ కొండెక్కండి!"

అవతల ఉన్నది స్నేహితుడు చలపతి. కంప్యూటర్లలో Y2K పని అయిపోయాక, పోయినేడు తుపానుకు కూలిపోయిన ఆ చిన్న దీవి దేశంలో సర్కారు ఖర్చులు తగ్గించే ఉద్యోగంలో చేరాడు.

"ఓకే సర్," అని చలపతి ఫోన్ పెట్టేశాడు.

గియాసుద్దీన్ నవ్వాపుకుంటూ మళ్లీ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. నవ్వు పోయింది. కొట్టు మూసేసి, చెమటలు తుడుచుకుంటూ చేస్తూనే ఉన్నాడు.

సాయంత్రానికి చలపతి ఎత్తాడు.

"ఎక్కడ చచ్చావురా?"

"కొండ మీద, భాయ్. ఇప్పుడే కిందికొచ్చా. చర్చి గంట కొట్టించి ఊరంతటినీ ఎక్కించా. ముసలాళ్లని వీపులమీద మోశాం. ఇంకా పైనే వణుకుతున్నారు."

"యా అల్లా! అది నేనేరా! Y2K అని లోకాన్నంతా బెదరగొట్టినోడివి, నిన్నోసారి బెదరగొడదామని..."

"తెలుసు. హలో అనగానే నీ గొంతు పట్టేశా."

"మరి గంటెందుకు కొట్టించావురా?"

"ఇక్కడ ఓ వెదర్ ఆఫీసుండేది, భాయ్. ఖర్చు దండగని నేనే మూయించా. నువ్వు జోకేశావనే అనుకున్నా. కాదేమో కనుక్కుందామంటే, అడగడానికి ఒక్కడూ లేడు."