మలుపులో ఇసుక

"అదిగో, చీపురాయన మళ్ళీ తయారు!" హెల్మెట్ పెట్టుకోబోతూ తమ్ముడు విసుక్కున్నాడు.

అక్క ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తింది.

పెద్ద మలుపు దగ్గర ఒక ముసలాయన పొడవాటి చీపురుతో రేస్ ట్రాక్ ఊడుస్తున్నాడు. వంచిన నడుము ఎత్తడం లేదు.

"మూడు రోజులుగా చూస్తున్నా. సరిగ్గా మనం బయల్దేరే వేళకే ఆయనకు శుభ్రత గుర్తొస్తుంది!"

ఆమెకూ ఒళ్ళు మండింది. ఉదయపు గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది. టర్బో ఆ గాలిని ఇంజిన్‌లోకి కుక్కి కుక్కి బలం పుట్టిస్తుంది. ఎండెక్కిన కొద్దీ గాలి పలచబడుతుంది, బలమూ తగ్గుతుంది.

పైగా ఇదే ఆఖరి ఉదయం. రేపు ఈ ట్రాక్ తవ్వేస్తారు.

అక్కాతమ్ముళ్ళు ఏళ్ళ తరబడి బోల్టు బోల్టుగా కట్టుకున్న కారు అది. ఇక్కడి ల్యాప్ రికార్డును ఈ పూట బద్దలు కొట్టాలి. కొట్టలేకపోతే ఆ రికార్డు ఇక శాశ్వతం. రేపటి తర్వాత దానితో పోటీ పడడానికి ట్రాకే ఉండదు.

ఆమె కంచె దాకా వెళ్ళి కేకేసింది.

"పెద్దాయనా! కాస్త పక్కకు జరుగుతారా?"

"ఇంకొంచెమే ఉందమ్మా. రాత్రి గాలికి ఇసుకంతా ఇక్కడికే కొట్టుకొచ్చింది."

"రేపు తవ్విపోసేదాన్ని ఇవాళ ఊడవడం దేనికి? మీకు వేరే పని లేదేమో, మాకుంది!"

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. చీపురు భుజాన వేసుకుని తప్పుకున్నాడు.

కారు దూసుకెళ్ళింది. పెద్ద మలుపు సగానికి వచ్చేసరికి వెనక చక్రాలు జర్రుమని జారాయి. ల్యాప్ టైమ్ రికార్డుకు అర సెకను దూరంలో ఆగిపోయింది.

"అక్కా, నీ ఇంజిన్ గాడిద తన్నినట్టు తన్నుతోంది!"

"నువ్వు తొందరపడి తొక్కి ఉంటావు."

"అవునులే. తప్పెప్పుడూ నా కాలిదే. నీ ల్యాప్‌టాప్ మాత్రం మహా పతివ్రత!"

ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మూడు రోజులుగా కారు జారిన ప్రతిసారీ టర్బో ఒత్తిడిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. ఇప్పుడూ వేళ్ళు అలవాటుగా అటే వెళ్ళి, ఎందుకో ఆగాయి. పాత పరుగుల గ్రాఫ్ గీతలన్నీ తెర మీద పక్కపక్కన పరిచి చూసింది.

ఒత్తిడి ఎంత ఉన్నా చక్రాలు ఒక్కచోటే జారాయి.

తప్పు ఇంజిన్‌ది కాదు.

ఆమె లేచి పెద్ద మలుపు దాకా నడిచింది. ముసలాయన అప్పటికే మళ్ళీ ఊడుస్తున్నాడు. చీపురుకు వెనకవైపు తారు నల్లగా నిగనిగలాడుతోంది. ముందువైపు వంగి వేలితో రాసి చూసింది. పిండిలాంటి ఇసుక.

మూడు రోజులూ ఆయన్ను సగంలో తరిమింది తామే.

"ఇంకా ఎంత ఉందండీ?" ఆమె గొంతు తగ్గింది.

"ఓ పది బారలుంటుందమ్మా."

"కానివ్వండి. మేం ఆగుతాం."

ఆయన అడగని వరమేదో దొరికినట్టు ఆమె వంక చూశాడు. ఆ తర్వాత చీపురు ఆగలేదు. అంతా ముగించి నిలబడేసరికి అరచేతుల్లో బొబ్బలు చితికి ఉన్నాయి. వాటిని ప్యాంటుకు తుడుచుకుని అన్నాడు:

"ఇక మీ తమ్ముణ్ణి నిశ్చింతగా రమ్మను తల్లీ. దారి బాగుంది."

ఆమె వెళ్ళి, తగ్గించిన ఒత్తిడంతా తిరిగి పెంచింది. తిరిగొచ్చి కంచె దగ్గర ఆయన పక్కనే నిలబడింది.

ముందు దూరంగా సన్నని ఈల. అది క్షణక్షణానికీ లావెక్కి, గాలిని నిలువునా చీలుస్తూ వచ్చింది. కాళ్ళ కింద నేల అదిరింది. తన చేతులతో బిగించిన ఇనుమే అయినా, అంత గొంతు దానిలో ఎక్కడ దాగి ఉందో ఆమెకు అంతుపట్టలేదు. కారు పెద్ద మలుపులోకి దిగింది.

భయంతో ఆమె చూపు దించుకున్నప్పుడు, ముసలాయన కుడికాలు కంటబడింది. మడమ నేలకు ఆనించి ఉంది. మునివేళ్ళు మెల్లగా, మరి కాస్త, ఆపైన పూర్తిగా మట్టిని నొక్కాయి.

సరిగ్గా అదే క్షణంలో ఇంజిన్ గర్జించింది.

కారు గీత గీసినట్టు మలుపు దాటిపోయింది.

టైమ్ చూసే గది కిటికీలోంచి కేక వినిపించింది. రికార్డు బద్దలైంది! కారు ఆపి దూకిన తమ్ముడు, పరుగున వెళ్ళిన అక్కను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. అతను దించాక ఆమె వెనక్కి చూసింది.

కంచెకు ఆనించి చీపురు మాత్రమే ఉంది.

ఆమె ఆ గదిలోకి పరుగెత్తింది. టైమ్ చూసే పెద్దావిడ గోడకున్న ఇత్తడి పలకను ఊడదీస్తోంది.

"అమ్మా, మీ చీపురాయన ఎక్కడ? పొద్దున నోరు పారేసుకున్నాను. క్షమించమని అడగాలి."

"మా చీపురాయనా? ట్రాక్ మూసేస్తున్నారని ఊడ్చేవాళ్ళందరినీ ఎప్పుడో పంపేశారు గదమ్మా."

"మరి ఆయన?"

"రోజూ వచ్చి, నన్నడిగి చీపురు పట్టుకెళ్ళేవారు. 'ఈ ఒక్క పూట ఊరుకుంటే సరిపోయేదానికి ఎందుకండీ ఈ శ్రమ?' అన్నాను ఇవాళ. నవ్వి ఊరుకున్నారు. ఇందాకే బస్సెక్కేశారు."

పెద్దావిడ పలక మీది దుమ్మును కొంగుతో తుడిచి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది ఆయనదే. ఎప్పుడైనా కనబడితే ఇవ్వండి."

తమ్ముడు ఇప్పుడే బద్దలు కొట్టిన రికార్డు ఆ పలక మీద చెక్కి ఉంది.