ఉన్నవా?

యాదన్న బాత్రూంకు పోయి వచ్చేసరికి, అతని గదిలో సెక్యూరిటీ చిన్నరాములు రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"ఏడికి పోయినవ్ యాదన్నా?"

"బాత్రూంకు. ఏమైంది?"

"గేటుకాడ నా కంప్యూటర్ల గంట మోగింది. ఉరికొచ్చిన."

యాదన్నకు చిర్రెత్తుకొచ్చింది. బాత్రూంకు పోవడం కూడా గేటుదాకా తెలియాలా?

పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ అది. రియాక్టర్ల పక్కనున్న చిన్న గదిలో ఒక్కడే కూర్చుని, కంప్యూటర్లో వాటి వేడి ఎంతుందో చూస్తూ ఉండటం యాదన్న పని. చేరి ఎంతోకాలం కాలేదు. మాట రాకుండా ఇంకొన్నాళ్లు గడిస్తే పర్మినెంటు చేస్తామన్నారు. అప్పుడు ఊళ్లో ఉన్న పెళ్లాం పిల్లల్ని పటేల్‌గూడకు తెచ్చుకోవచ్చు. అందుకే ఆ కుర్చీని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు.

అలాంటివాడికి ఈ పీడ పట్టుకుంది.

పని మధ్యలో తెర మీద ఒక పెట్టె లేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో "ఉన్నవా?" అని అడుగుతుంది. ఏదో ఒక మీట నొక్కితే పోతుంది. నొక్కకపోతే గేటు దగ్గర గంట. కాసేపటికి మళ్లీ ప్రత్యక్షం. కొత్త కోడల్ని అత్తగారు కూడా అన్నిసార్లు ఆరా తీయదు.

పెట్టింది కమలాకుమారి. కంప్యూటర్లు బాగుచేసే కంపెనీ తరఫున వారం వారం సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చే పిల్ల. తలొంచుకుని వస్తుంది, పని చూసుకుని పోతుంది.

"మన ఫ్యాక్టరీ సేఠ్ పెట్టించిండు. కునుకు తీసెటోళ్లను పట్టుకోనీకె," అని తేల్చారు అతనిలాగే కొత్తగా చేరినవాళ్లు.

యాదన్న కూడా అదే నమ్మాడు. తనను పర్మినెంటు చేయకుండా ఎగ్గొట్టడానికే ఈ కాపలా.

"దీన్ని ఆపకపోతే నేను యాదన్ననే కాదు," అనుకున్నాడు.

మూడు మీటలు కలిపి నొక్కి, నడుస్తున్న ప్రోగ్రాముల్లోంచి దాన్ని తీసేశాడు. తెల్లారి కంప్యూటర్ వేయగానే మళ్లీ లేచింది.

"ఉన్నవా?"

"ఉన్న! ఇంక సావలే!" అని తెర మీద అరిచాడు.

ఇక పంతం పట్టాడు. షిఫ్టు దిగి నెట్ సెంటర్లో కూర్చున్నాడు. కంప్యూటర్‌తో పాటే నిద్రలేచే ప్రోగ్రాములు ఎక్కడుంటాయో అడిగి అడిగి నేర్చుకున్నాడు. మర్నాడు దాని పేరు ముందున్న టిక్కు తీసేసి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు.

పెట్టె లేవలేదు. ఆ పూట చాయ్ అమృతంలా ఉంది.

తర్వాతి వారం కమలాకుమారి వచ్చి చూసింది.

"అన్నా, దాన్నెందుకు తీసినవ్?"

"నాకు కాపలా ఎందుకు మేడం? నేనేమన్న దొంగనా?"

"కాపలా కాదన్నా. నువ్వు పలకకపోతే ఎవరన్న వచ్చి చూడాలె గదా."

"చూసి సేఠ్‌కు చెప్పాలె. గంతే గదా?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. వంగి, టిక్కు మళ్లీ పెట్టింది.

"తియ్యకన్నా. నీకు దండం పెడత."

మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. యాదన్న నేరుగా మేనేజర్ త్రినాథరావు గదికి వెళ్లాడు.

"సార్, నేను నిద్రపొయ్యెటోన్ని కాదు. ఆ 'ఉన్నవా' తీయించుండ్రి."

"ఏమిటయ్యా అది?"

చెప్పాడు. విన్న త్రినాథరావు ముఖం ఎర్రబడింది.

"మమ్మల్ని అడక్కుండా మా మెషీన్లో పెట్టడానికి ఆవిడెవరు?" అంటూ ఫోన్ అందుకున్నాడు.

ఆ రోజే పెట్టెను తీయించేశాడు; అప్పటి నుంచి కమలాకుమారిని గేటు దాటనివ్వలేదు. మేనేజర్‌కే తెలియనిది సేఠ్ ఎలా పెట్టించాడని యాదన్న ఆలోచించలేదు. గెలిచిన సంబరంలో ఉన్నాడు.

కొన్నాళ్లు హాయిగా గడిచింది.

ఒక మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నాడు. వాసన కొంచెం ఘాటుగా ఉంది. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాడు. తెర మీద అంకెలు అలుక్కుపోయాయి. లేవబోతే కాళ్లు రాలేదు.

ఉన్నావా అని ఎవరూ అడగలేదు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పక్కన, ఫ్యాక్టరీలో చాయ్ పోసే బీరమ్మ.

"పైపుకాడ గ్యాసు లీకైందట కొడుకా. నేను ఖాళీ గిలాస కోసం అచ్చి సూసిన. ఇంకింతసేపైతే దక్కకపోదువు."

యాదన్నకు ఆ పెట్టె గుర్తొచ్చింది. సిగ్గుతో తల గోడవైపు తిప్పుకున్నాడు. మళ్లీ ఇటు తిరిగి గట్టిగా అన్నాడు:

"బీరవ్వా, ఆ కంప్యూటర్ పిల్లను పిలిపియ్యాలె. అది మళ్ల పెట్టాలె. పర్మినెంటు పోతే పోనీ, మేనేజర్‌తోని నేను కొట్లాడుత."

"ఏడికెల్లి పిలిపిస్తవ్? ఆమెను ఆ కంపెనీల గూడ తీసేసిండ్రట."

"నా నోటితోనే ఆమె నౌకరి పోయింది," అన్నాడు యాదన్న.

బీరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ పిల్ల ఎవ్వలకు చెప్పకుమని నాతోని ఒట్టేయించుకున్నది. తెలిస్తే లోపలికి రానియ్యరని దాని భయం. ఇగ దాసి ఏం జెయ్య?"

"ఏంది అవ్వా?"

"నీకంటె ముందు ఆ కుర్చీల ఓదెలు అనెటాయన ఉండె. గిట్లనే పట్టపగలు ఒక్కడే పడిపోయిండు. బల్ల మీద ఫోన్ మోగుతనే ఉన్నదట, ఎత్తెటోళ్లు లేరు. పొద్దుగూకినంక సూసేసరికి పానం పోయింది. ఆ ముచ్చటెత్తితే పనికెల్లి తీసేస్తరని అందరం నోరు మూసుకున్నం."

"ఫోన్ ఎవరు జేసిండ్రు?"

"ఇంకెవలు కొడుకా, 'నాయినా, ఉన్నవా?' అని అడగనీకె ఆయన బిడ్డ కమలనే చేసింది."