రాక్షసబల్లికి తిరునామం

దసరా కొలువు కోసం పెట్టె తెరిచి చేతిలోకి తీసుకున్నానో లేదో, దశావతారాల్లోని వరాహస్వామి బొమ్మ రెండు ముక్కలైంది. అత్తగారు దాన్ని ఎవరినీ ముట్టనివ్వరు. తిరుమలలో తొలి దర్శనం ఆయనదే కదా, అంత భక్తి.

నా గొడవ నాదైతే, మనవరాలు వల్లి గొడవ వల్లిది. మద్రాసు నుంచి వచ్చిన ప్లాస్టిక్ ఇటుకలతో రాక్షసబల్లిని కట్టిమ్మని కూర్చుంది. వాటితో వచ్చిన కాగితంలో బొమ్మలు చూసే కట్టాను. మెడకిచ్చిన ఇటుకలు కాళ్లలో కలిశాయి, తోక ముక్క మూతికి చేరింది. ఎస్సెల్సీ ఫస్టుక్లాసులో ప్యాసైనదాన్ని మరి!

"అవ్వా, ఇది రాక్షసబల్లి కాదు, పంది!" అంది వల్లి.

వెంటనే లేచి తిరుమణి తెచ్చాను. ఆ పందికి నామం పెట్టి, పట్టుగుడ్డ చుట్టి, కూర్మానికీ నరసింహానికీ మధ్య నిలబెట్టి, లెంపలేసుకున్నాను.

సాయంత్రం అత్తగారు కొలువు దగ్గరికి వచ్చారు. చూపు ఆనదు, తడిమే చూస్తారు. చెయ్యి వరాహం దగ్గర ఆగింది. మనసులో విష్ణు సహస్రనామం మొదలెట్టాను, రెండో నామం గుర్తు రాలేదు.

"పెరుందేవీ, ఇది కొత్తది. గట్టిగా ఉండాదే. యాడిదే?"

"మద్రాసుదత్తా," అన్నాను. అబద్ధం కాదు.

"మంచి పని చేసినావు. పాతది నువ్వు కాపురానికి రాకముందే నా చేతిలో ఇరిగింది. బంకతో అతికించి, ఎవురూ ముట్టకుండా ఇన్నేండ్లూ కాపలా కాస్తి."

అత్తగారు వల్లి కోసం చెయ్యి చాచారు.

"రామ్మా, ఇంక నువ్వు గూడా ముట్టుకోవచ్చు."