ఒక్క గీతా లేని నేల

కొత్త చెక్క నేల కొలతలకి మనిషి ఇంటికొస్తాడని షాపువాళ్లు అనగానే నా నోటికి అబద్ధం వచ్చేసింది. “మా ఇంట్లో రెండు పెద్ద కుక్కలున్నాయి. గోళ్ల గీతలు పడని నేల కావాలి.” ఒక్కదాన్నే ఉంటానని చెప్పలేను కదా!

వచ్చినవాడు గుమ్మం నిండా ఉన్నాడు. టేపు లాగుతూ అడిగాడు. “కుక్కలేవమ్మా?”

“వెనక గదిలో కట్టేశాను. కొత్తవాళ్లని చూస్తే ఊరుకోవు.”

“ఎన్నాళ్ల నుంచి పెంచుతున్నారు?”

“ఐదేళ్లు.”

అతను వంగి, తలుపు దగ్గర పాత చెక్క నేలని అరచేత్తో తడిమాడు. “ఐదేళ్లలో ఒక్క గీతా పడలేదా?”

అతను వెనక గది వైపు చెవి పెట్టాడు. అక్కడ చడీచప్పుడూ లేదు. లేచి వీధి తలుపు మూసి, సంచిలోంచి మొనదేలిన ఇనుప చువ్వ తీశాడు.

ఫోను అందుకోబోయాను. తొందరలో కింద పడేశాను.

అతను నా వైపు రానేలేదు. తలుపు ముందు చతికిలబడి నేలని బరబరా గీకడం మొదలెట్టాడు. పక్కపక్కనే నాలుగు గీతలు, మళ్లీ నాలుగు.

“తలుపు తియ్యమని అవి గోకేది ఇక్కడేనమ్మా. కొత్తది కూడా గీతలు పడే రకమే వేయించుకోండి. నాకు తెలిసింది ఇంకొకడికి తెలియకూడదు.”

గేటు దాటాక వీధంతా వినబడేలా అరిచాడు. “ఆ రెంటినీ గట్టిగా కట్టెయ్యండమ్మా! ఇంకాస్తయితే నా పిక్క ఊడొచ్చేది!”

వీధి మలుపుదాకా కుంటుకుంటూనే వెళ్లాడు.