జాడీలో బరువు

గోగునార కుళ్లుతుంది. కుళ్లేది కుళ్లక మానదు. మరి రెండేళ్లుగా తను దేన్ని కాపాడాలని చూస్తున్నట్టు? నారనా, ఆ నార పండిన ఊరినా? ఒరథైకి తేలలేదు. ఆమ్లం తొట్టిలోంచి తీసిన చివరి గోగునార కాంక్రీటు దిమ్మ అంచు ఆమె చేతిలోనే బెల్లంముక్కలా విరిగింది. పక్కనే కాగితం: ‘నా పరిశోధనలో గోగునార మానేసి గాజుపోగు వాడతాను.’ సంతకం ఒక్కటే తక్కువ.

“సాయంత్రంలోపు పెట్టెయ్ కప్పా,” అన్నాడు ఆచార్యుడు విచియన్. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు ఖోన్ కేన్ నగరంలోని ఈ ప్రయోగశాల దాకా వచ్చేసింది. “మనది సిమెంటు లేని జియోపాలిమర్ కాంక్రీటు. అందులో అంత క్షారముంటే ఏ నార బతుకుతుంది?”

పెన్ను మూత తీసింది. అప్పుడే తలుపు తోసుకుని అమ్మమ్మ బున్మా వచ్చింది, చంకలో జాడీతో. దాని మూతికి గుడ్డ కట్టినా ఊరిన చేప వాసన గదంతా కమ్మేసింది. ఒరథై చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ ఇక్కడ ఎవరికీ తెలియనివ్వని ఇల్లు నడుచుకుంటూ వచ్చి ఎదుట నిలబడినట్టయింది.

“ఇక్కడికెందుకు తెచ్చావమ్మమ్మా!”

“నీక్కాదులే, మీ అజాన్‌గారికి. గురువుగారి దగ్గరికి ఉత్త చేతులతో వస్తానా? రెండేళ్లు ఊరిన ప్లా-రా నాయనా. బొప్పాయి పచ్చడిలో చెంచాడు చాలు.”

బల్ల మీద పెట్టిన జాడీ ఒక పక్కకి ఊగింది. ముసలామె కన్ను విరిగిన దిమ్మ మీద పడింది.

“ఇది బజారు నారేగా? నేను బూడిదనీళ్లలో ఉడికించి ఇచ్చిన కట్ట నల్లగా ఉంది, కంపు కొడుతోందని ఒక్క దిమ్మలో వాడి వదిలేశావు. అనుభవించు.”

ఆచార్యుడు ఈ గొడవ వినడం లేదు. చొక్కా చేతులు పైకి మడిచి, గుడ్డ విప్పి, జాడీలో చెయ్యి పెట్టి, చేపకు బదులు చదరపు దిమ్మ పైకి తీశాడు.

“ఇదేంటి అమ్మమ్మగారూ?”

“చేపలు తేలకుండా బరువు. రెండేళ్లనాడు మీ చెత్తకుప్పలోదే. ఏటిరాయి కన్నా కుదురుగా కూర్చుంటుంది.”

దిమ్మ అంచులు ఇంకా చేతికి గుచ్చుకునేలా ఉన్నాయి.

“రెండేళ్లు ఉప్పులో, పులుపులో!” ఆచార్యుడు పొంగిపోయాడు. “చూశావా కప్పా? గాజుపోగంటే ఇదీ! ఎవరో పోసి పారేసుంటారు. పద, నలిపి చూద్దాం.”

“అయ్యో, నా బరువు!”

“పది ఇస్తాను, ఉండండి.”

యంత్రం బిగిసింది. ఒత్తిడి చూపే అంకెలు నలభై దాటాయి. యాభై. ఒరథై ఇన్నాళ్లూ నలిపి చూసిన దిమ్మలేవీ చేరని అరవై. అప్పుడు టప్‌మంది. దిమ్మ నిలువునా పగిలింది గానీ విడిపోలేదు. పగులుకు అడ్డంగా పోగులు రెండు ముక్కల్నీ పట్టుకుని ఉన్నాయి.

ఆచార్యుడు కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

ఒరథై ఒక పోగు పీకి ముక్కు దగ్గర పెట్టుకుంది. నల్లటి పోగు, గాజు కాదు. చేప కంపు వెనకాల, సన్నగా, అమ్మమ్మ పొయ్యి బూడిద వాసన.

నవ్వు ఆగలేదు. నవ్వుతూనే, సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న జాడీ కిందికి తోసింది.