సాలగ్రామానికి సాక్షి

పార్కు గేటు దగ్గర గార్డు వీరలక్ష్మి చేతిసంచిని బల్ల మీద బోర్లించాడు. కళ్లద్దాల పెట్టె, దగ్గు బిళ్లలు, మంకీ క్యాపు, ఆఖరున పసుపుపచ్చ జాకెట్టు గుడ్డలో చుట్టినదేదో బరువుగా పడింది. విప్పితే నల్లటి రాయి. గుప్పిట్లో పట్టేంత ఉంది. ఒక పక్క నత్తగుల్లకు ఉన్నట్టు సుడి.

గార్డు గోడ మీది బోర్డు చూపించాడు. లోయలోంచి గానీ గుహల్లోంచి గానీ చిన్న రాయి కూడా బయటికి తీసుకుపోకూడదని అక్కడ రాసి ఉంది. కోట్ల ఏళ్ల కింద సముద్రంలో బతికిన గుల్లలు రాళ్లయి ఈ కొండల్లో దొరుకుతాయనీ, వాటిని ముట్టుకుంటే కేసేననీ పొద్దున గైడు కూడా హిందీలో గట్టిగా చెప్పాడు.

వీరలక్ష్మి తల దించుకుంది. పక్కనున్న ఇందిరమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

ఇద్దరూ వియ్యపురాళ్లు. ఇందిరమ్మ కూతురూ అల్లుడూ ఈ హిమాలయాల దాకా తీసుకొచ్చి, బండి మాట్లాడి ఉంచుతామని ముందుగా కొండ దిగిపోయారు. ఇక్కడ ఫోను అందదు. ఏం చేసినా తనే చెయ్యాలి.

ఆ రాయి సంగతి ఇందిరమ్మకు బాగా తెలుసు. కిష్టారెడ్డిపేటలో వియ్యపురాలి ఇంటికి ఎప్పుడు పోయినా చాయ్ ఆలస్యమయ్యేది ఆ సాలగ్రామం వల్లనే. రోజూ దానికి నీళ్లు పోసి, గంధం పెట్టి, తులసాకు వేసి, పాలో పండో చూపించాకే మనుషులకు. ఒక్కపూట తప్పకూడదని వీరలక్ష్మి పెళ్లిళ్లకు పోయినా దాన్ని సంచిలో వేసుకుని పోయేది. మీ దేవునికి కూడా టికెట్ తీసినవా వదినా అని ఇందిరమ్మ చాలాసార్లు ఎగతాళి చేసింది. కానీ తను ఎగతాళి చెయ్యడం వేరు, ఎవడో గార్డు దొంగసొమ్ము అనడం వేరు.

"వదినగారూ, ఒక్క మాట," అని వీరలక్ష్మి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఊకో వదినా. నీకు హిందీ రాదు. నేను మాట్లాడుత."

ఇందిరమ్మకు హిందీ వచ్చు మరి. ఆమె సొంతూరు చిట్కుల్‌లో ఆమె గదుల్లో కిరాయికి ఉండేదంతా ఫ్యాక్టరీలకు పోయే బీహార్, ఒడిశా వాళ్లే. నీళ్ల మోటారు దగ్గర వాళ్లతో కొట్లాడి నేర్చుకున్న హిందీ అది. ఆ హిందీతోనే ఇప్పుడు గార్డును నిలదీసింది. మీరు రాయంటున్నది మా దేవుడు, ఇంటి నుంచే తెచ్చుకున్నం, లోపలికి పోయేటప్పుడు సంచి చూడనిది మీ తప్పు అంది. గార్డు తట్టుకోలేక ఆఫీసరును పిలుచుకొచ్చాడు.

ఆఫీసరు ముప్పై ఏళ్ల మనిషి, మర్యాదస్తురాలు. రాయిని వెలుతురుకు పెట్టి చూసింది. ఇలాంటివి లోయలో వందలున్నాయి, ఇది మీదేననడానికి రుజువేమిటని అడిగింది. మీ మెడలో గొలుసు మీదేననడానికి రశీదు వెంటబెట్టుకుని తిరుగుతారా అని ఇందిరమ్మ ఎదురడిగింది. రోజూ గంధం పెడితే వాసన ఏదంది ఆఫీసరు. ఈ చలిలో మేమే స్నానం మానుకున్నాం, ఇంక గంధం ఎవరు తీస్తారంది ఇందిరమ్మ. సుడి గాడిలో మట్టి ఉందే అంటే, మూడు రోజులు బస్సుల్లో వచ్చాం, మా ముఖాలు చూడండి, మేమూ అట్లనే ఉన్నామంది.

గార్డు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు.

"వదినగారూ, నేను చెప్పేది కాస్త వినండి," అంది వీరలక్ష్మి మళ్లీ.

"ఊకోమన్న గద. నువ్వు భయపడితే వాళ్లకు ఇంకింత అనుమానం అయితది."

చివరికి ఆఫీసరు ఒక మాట చెప్పింది. ఇది దేవుడే అయితే, దీని మీద చెయ్యి పెట్టి చెప్పండి, నమ్ముతాను. లేదంటే రాయి మా బీరువాలోకి, ఈవిడ పేరు కేసులోకి.

ఇందిరమ్మ ఇన్నేళ్లలో వీరలక్ష్మి సాలగ్రామాన్ని ఎప్పుడూ ముట్టలేదు. వీరలక్ష్మి ముట్టనియ్యలేదు కూడా. కొంగుకు చెయ్యి తుడుచుకుని, రాయి మీద పెట్టింది. చల్లగా తగిలింది. అబద్ధమాడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, కానీ ఆడుతున్నది అబద్ధం కాదు కదా.

"ఇది మా వదినోళ్ల ఇంటి దేవుడు. ఈమె అత్త పూజ చేసింది, ఇప్పుడు ఈమె చేస్తున్నది. నా కండ్లతోని చూసిన," అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పింది.

వీరలక్ష్మి బెంచీ మీద కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి ఆఫీసరు మెత్తబడింది. రాయిని తనే గుడ్డలో చుట్టి, కళ్లకద్దుకుని, రెండు చేతులతో ఇచ్చింది. గార్డు సంచి సర్దిపెట్టాడు.

కొండ దారిలో ఇందిరమ్మ నడక చూడాలి. ఇక జన్మలో నీ దేవుణ్ణి ఎగతాళి చెయ్యనని మాటిచ్చింది. ఆఫీసరంత ఆఫీసరుతో ఎట్లా మాట్లాడిందో మొదటి నుంచి మళ్లీ చెప్పింది. గేటు కనుమరుగయ్యాక వీరలక్ష్మి మలుపు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, ఆ మూటను తీసి ఇందిరమ్మ చేతుల్లో పెట్టింది.

"మా స్వామిని ఈసారి పక్కింటి శ్రీదివ్యకు అప్పగించి వచ్చాను వదినగారూ. ఈయన పొద్దున లోయలో జనం చెప్పుల కింద కనబడితే, మీ ఇంటికని తీశాను."